పదునేడవ వేసవి

మన పూర్వకవులకు వయస్సంధి వర్ణనము మిక్కిలి ప్రీతికరమైన వస్తువు. బాల్యము వీడిపోవుచు, యౌవనము ఇంకను పూర్తిగా రాక, రెంటి నడుమ నిలిచిన ఆ కొలది కాలమును వారు ఎన్ని పద్యములలో వర్ణించినారో లెక్కించుట కష్టము. నడక మారుట, చూపు మారుట, మాట తగ్గుట, సిగ్గు హెచ్చుట మున్నగునవి అన్నియు ఆ పద్యములలో మనకు కనబడును. కాని ఒక సంగతి గమనింపదగినది. ఆ వర్ణనములు దాదాపు అన్నియు బయటినుండి చూచి వ్రాసినవే. చూచువాడు ప్రౌఢుడైన కవి. చూడబడునది పదునారేండ్ల బాలిక. ఆమె నోరు విప్పినను కవిసమయములనే పలుకును. 18వ శతాబ్దమున తంజావూరి ముద్దుపళని వంటి కవయిత్రి ఎవరైన పూనుకొన్నప్పుడు తప్ప, ఆ వయస్సును ఆడుదాని కంటితో చూచిన కావ్యము మనకు అరుదు. ముద్దుపళనికి లోకము ఇచ్చిన బహుమానము ఎట్టిదో సాహిత్యచరిత్ర తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ వయస్సును గడచివచ్చినవారే, తమ జ్ఞాపకములను పెట్టుబడిగా పెట్టి, తొలివలపు కథను నవలగా వ్రాయుట ఎప్పుడు మొదలైనది? అట్లు వ్రాయుటకు ఏమేమి కావలసివచ్చినది? ఆ వ్రాతవలన ఎవరికి ఏమి ముట్టినది? నేటి మా ప్రసంగమునకు ఇది విషయము. నేడు ప్రపంచమంతటను కిశోరవయస్కులకొరకు వెలువడుచున్న ప్రేమనవలలు వేలకు వేలు. వాటిలో పెక్కింటికి మూలము రచయిత యొక్క స్వీయస్మృతియే. కాని ఈ శాఖకు తల్లివేరు వంటి గ్రంథము ఒకటి ఉన్నది. దానిని వ్రాసినది కళాశాలలో చదువుకొనుచున్న యువతి. ఆమె కథకు పోవుటకు ముందు, రుష్యా దేశమున ఒక ఇంటిలో అడుగిడి పోవలెను.

1860లో ఇవాన్ తుర్గేనెవ్ 'తొలివలపు' అను పెద్దకథను ప్రకటించెను. అందులోని ఎత్తుగడ మాకు ఎంతయు నచ్చినది. విందు ముగిసినది. అతిథులు వెడలిపోయినారు. మిగిలిన ముగ్గురు మగవారు ఎవరి తొలివలపు కథను వారు చెప్పవలెనని అనుకొందురు. ఇద్దరికి చెప్పుటకు చెప్పుకోదగినంత ఏమియు లేదు. మూడవవాడు నలువదేండ్లవాడు, అతడు నోటితో చెప్పనొల్లడు. తాను కథలు చెప్పుటలో నేర్పరి కాననియు, జ్ఞాపకమున్నదంతయు ఒక పుస్తకమున వ్రాసి చదివి వినిపించెదననియు అనును. రెండు వారములు గడచిన పిమ్మట అట్లే చేయును. ఇది కేవలము కథాచమత్కారము కాదు. స్మృతి నోటికి వచ్చునప్పుడు ఒక విధముగను, కలమునకు వచ్చునప్పుడు మరియొక విధముగను ఉండునని తుర్గేనెవ్ ఎరుగును. రేడియోలో మాటాడుటయు, మాటాడవలసినది ముందుగ వ్రాసికొనుటయు వృత్తిగా గల మాకు ఆ వ్యత్యాసము దినదినము అనుభవమే.

ఆ కథలోని పదునారేండ్ల బాలుడు, పొరుగింటికి వచ్చిన ఇరువదియొక్క యేండ్ల జినైదాను ప్రేమించును. ఆమె మాత్రము అతని తండ్రిని ప్రేమించియుండును. ఇది తుర్గేనెవ్ ఇంట నిజముగా జరిగినదే. జినైదాకు మూలము ఎకతెరీనా షఖోవ్‌స్కయా అను కవయిత్రి. కథ జరిగినట్లు చెప్పబడిన కాలము 1833. మరుసటి యేడు, 1834లో, తుర్గేనెవ్ తండ్రి మరణించెను. 1836లో ఆ యువతియు మరణించెను. కథ అచ్చగునప్పటికి ఇరువదియేడు సంవత్సరములు గడచినవి. రచయితకు నలువదియొక్క యేండ్లు. బాధపడుటకు గాని, బదులు చెప్పుటకు గాని వారిద్దరును లేరు. ఇట్టి దూరమునుండి వ్రాసిన స్మృతికి ఒక ప్రశాంతత కలుగును. ఎదురుమాట వినబడని చోట కలుగు ప్రశాంతత కూడ దానిలో కొంత కలదని మేము అనుకొందుము.

తుర్గేనెవ్ వ్రాసినది పెద్దలకొరకు. పదునారేండ్లవానిని గూర్చి నలువదేండ్లవాడు తన యీడువారికి చెప్పిన కథ అది. పదునారేండ్లవారే చదువుకొనుటకు పదునారేండ్ల ప్రేమను గూర్చి నవల పుట్టవలెనన్నచో, ముందు పదునారేండ్ల వయస్సు అనునది ఒకటి సంఘమున ఏర్పడవలెను. ఇది వింతమాటగా తోచవచ్చును. కాని బాల్యము ముగియగనే పొలమునకో కార్ఖానాకో పోవువానికి, లేదా అత్తవారింటికి పోవు బాలికకు, నడుమ ఆ వయస్సు ఎక్కడ ఉన్నది? మన దేశమున బాల్యవివాహనిరోధక చట్టము 1929లో ఆమోదింపబడి, 1930 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. అప్పటికి అది ఆడపిల్లకు నిర్ణయించిన కనీస వయస్సు పదునాలుగేండ్లు మాత్రమే. శారదా బిల్లు అని మన పెద్దలు పిలిచినది దీనినే. అట్టి కాలమున పదునేడవయేట ప్రేమను గూర్చి తలపోయుటకు మన ఆడపిల్లకు వ్యవధి ఎక్కడిది? ఆ యేటికి ఆమె చంకలో బిడ్డ ఉండెడిది.

అమెరికాలో ఈ వ్యవధిని కల్పించినది ఉన్నతపాఠశాల. 1900లో అక్కడ పదునేడేండ్లవారిలో ఉన్నతపాఠశాల చదువు ముగించినవారు నూటికి ఆరుగురు మాత్రమే. 1940 నాటికి నూటికి సుమారు ఏబదిమంది ముగించుచుండిరి. నలువదేండ్లలో ఎంత మార్పు! లక్షలకొలది బాలబాలికలు ఒకే యీడువారు, ఒకే గదిలో, ఒకే నాట్యమందిరమున, ఒకే ఐస్‌క్రీము దుకాణమున, తలిదండ్రుల కంటికి కొంత ఎడముగా కాలము గడపుట ఆరంభమైనది. వారికి ఒక పేరు కావలసివచ్చి 'టీనేజర్' అను మాట వాడుకకు ఎక్కినది. వారికొరకు 1944లో 'సెవెంటీన్' అను పత్రికయే వెలసినది. ఆ పత్రికకంటె రెండేండ్లు ముందుగా, 1942లో, మా కథానాయిక గ్రంథము వెలువడినది.

ఆమె పేరు మారీన్ డేలీ. 1921 మార్చి 15వ తేదీన ఐర్లండు ఉత్తరభాగమున, టిరోన్ మండలమున జన్మించినది. ఆమె పసితనముననే కుటుంబము అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ రాష్ట్రమున ఫాన్ డు లాక్ అను పట్టణమున స్థిరపడినది. విన్నెబాగో అను పెద్ద సరస్సునకు దక్షిణపు కొసను ఉన్న ఊరు అది. ఊరి పేరునకు అర్థమును ఫ్రెంచిభాషలో అట్టిదే. నలుగురు ఆడపిల్లల ఇల్లు. ఇట్టి ఇంట దర్పణమునకు, స్నానపుగదికి, టెలిఫోనునకు పోటీ ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

పదునైదవయేట ఆమె 'పదునైదు' అను కథను వ్రాసి 'స్కొలాస్టిక్' అను విద్యార్థి పత్రిక పోటీకి పంపగా నాలుగవ బహుమతి వచ్చినది. మరుసటియేడు 'పదునారు' అను కథను పంపగా మొదటి బహుమతి వచ్చినది. ఆ రెండవ కథ ఓ. హెన్రీ పేర ఏటేట వెలువడు ఉత్తమకథల సంపుటమున కూడ చేరినది. దానిలోని వస్తువు ఇంతమాత్రమే: చలికాలపు రాత్రి, మంచుగడ్డపై జారుచు ఆడుకొను చోట, ఒక కుర్రవాడు ఒక బాలికతో చేయిపట్టి ఆడి, ఇంటివరకు తోడువచ్చి, ఫోను చేసెదనని చెప్పి పోవును. ఆమె ఎదురుచూచును. ఆ ఫోను మ్రోగదు. ఒక బాలిక ఈ కథను వ్రాయుట గొప్ప కాదు. ఇట్టి కథలు అందరి బాలికలకు ఉండును. కథను అక్కడనే ఆపవలెనని ఆ వయస్సుననే ఆమెకు తోచుట గొప్ప.

పిమ్మట చికాగో చేరువనున్న రోజరీ కళాశాలలో చేరినది. అది డొమినికన్ సన్యాసినులు నడపుచుండిన స్త్రీవిద్యాలయము. అక్కడ చదువుకొనుచునే 'సెవెంటీన్త్ సమ్మర్' అను నవలను పూర్తిచేసినది. పదునేడవ వేసవి అని మనము చెప్పుకొనవచ్చును. డాడ్ మీడ్ అను ప్రచురణసంస్థ కళాశాల విద్యార్థులకొరకు నడపిన నవలల పోటీలో అది బహుమతి పొంది, 1942లో అచ్చైనది. అప్పటికి ఆమెకు ఇరువదియొక్క యేండ్లు.

తుర్గేనెవ్ ఇరువదియేడు సంవత్సరములు ఆగి వ్రాసెను. ఈమె మూడునాలుగేండ్లు కూడ ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఆమెయే తరువాతి కాలమున చెప్పినది. ఆ దినములలో ప్రేమను గూర్చియు జీవితమును గూర్చియు తనకు కలిగిన సంతోషము మిక్కిలి తీవ్రమైనదనియు, అది జారిపోకముందే, దాని నిజమైన రుచిని తాను మరువకముందే, కాగితముపై పెట్టవలెనని తొందరపడితిననియు ఆమె తాత్పర్యము. ఈ తొందరయే ఆ గ్రంథమునకు బలము. పెద్దవారు తమ కిశోరవయస్సును గూర్చి వ్రాయునపుడు ఒక చిరునవ్వు వ్రాతలోనికి చొరబడును. ఆనాటి బాధ ఇప్పుడు చిన్నదిగా కనబడును గనుక ఆనాడును చిన్నదే అన్నట్లు వ్రాయుదురు. మారీన్ డేలీకి ఆ చిరునవ్వు ఇంకను రాలేదు.

నవలలో చెప్పునది ఆంజీ మారో అను పదునేడేండ్ల బాలిక. ఉన్నతపాఠశాల ముగిసినది, ఆకురాలుకాలమున చికాగోలో కళాశాలకు పోవలెను. నడుమ ఒక వేసవి. ఊరు ఫాన్ డు లాక్, సరస్సు విన్నెబాగో, ఇంట నలుగురు అక్కచెల్లెండ్రు. రచయిత్రి ఊరి పేరు సైతము దాచలేదు. జాక్ డులూత్ అను కుర్రవాడు రొట్టెల దుకాణము నడపువాని కుమారుడు; తండ్రి బండిలో రొట్టెలు ఇంటింటికి చేర్చువాడు; పాఠశాలలో బాస్కెట్‌బాల్ ఆటగాడు. అతడు ఆమెను తెరచాపపడవలో సరస్సుపై విహారమునకు పిలుచును. కథ అక్కడనుండి మూడు నెలలు నడచును. ఆగస్టు చివర ముగియును. ఆమె చదువునకు పోవును. అతని కుటుంబము ఒక్లహోమాకు తరలిపోవును. ఇంతే.

ఇంతేనా అని పెదవి విరిచినవారు ఉన్నారు. ఇందులో ఏమియు జరుగలేదందురు. కాని ఒక సన్నివేశమును గూర్చి చెప్పెదము. జాక్‌ను ఇంటికి భోజనమునకు పిలుతురు. అతడు ఐస్‌క్రీము తినునప్పుడు చెంచా అతని పండ్లకు తగిలి చప్పుడగును. ఆ చప్పుడు ఆంజీ చెవిలో పిడుగువలె పడును. తన ఇంటివారు ఏమనుకొందురో అను సిగ్గు, ఆ సిగ్గు కలిగినందుకు తనపై తనకు అసహ్యము, అంతవరకు దేవునివలె కనబడిన కుర్రవాడు ఒక్క క్షణమున రొట్టెలవాని కొడుకుగా మారిపోవుట, ఇవన్నియు ఆ చెంచా చప్పుడులో ఇమిడియున్నవి. వర్గభేదమును గూర్చి వంద పుటలు వ్రాసినను రాని విషయము అది. దానిని కల్పించుట కష్టము. జ్ఞాపకముంచుకొనిన వారే వ్రాయగలరని మా నమ్మకము.

ఆమె ఆ వేసవిలోని చేదును కూడ దాచలేదు. ఆంజీ అక్క లొరెయిన్, తనకంటె పెద్దవాడైన ఒక యువకుని వెంట తిరిగి, అతని నిర్లక్ష్యమునకు లోనై నలిగిపోవును. ఆంజీ ఆ సంగతిని చూచును, పూర్తిగా గ్రహింపలేదు, పాఠకులు గ్రహింతురు. కుర్రవారు సిగరెట్లు కాల్చుదురు, బీరు త్రాగుదురు. కన్యాశ్రమము వంటి కళాశాలలో కూర్చుండి ఒక విద్యార్థిని ఇవన్నియు వ్రాయుట ఆ కాలమునకు చిన్న సాహసము కాదు.

గ్రంథమున లేనిదానిని గూర్చియు ఒక మాట. 1941 డిసెంబరు 7వ తేదీన పెర్ల్ హార్బరుపై దాడి జరిగినది. అమెరికా యుద్ధమున దిగినది. 1942లో వెలువడిన ఈ నవలలో యుద్ధము ఊసే లేదు. రచయిత్రి స్మరించినది అంతకుముందటి వేసవిని. కాని దానిని మొదటిసారి చదివిన బాలికలు, తమ జాక్ డులూత్‌లను రైలెక్కించి సముద్రముల కావలకు పంపుచున్న బాలికలు. సరస్సుపై తెరచాపపడవను గూర్చి వారు చదివినప్పుడు అది వారికి కేవలము ప్రేమకథగా మాత్రమే కనబడియుండదు.

విచిత్రమేమన, ఈ నవలను ప్రచురణకర్తలు పెద్దల నవలగానే వెలువరించిరి. బాలికలు దానిని తమదిగా చేసికొనిరి. గ్రంథాలయాధికారులు ఆ సంగతిని గ్రహించి, పిల్లల గదికిని పెద్దల గదికిని నడుమ ఒక అలమార ఉండవలెనని తలచిరి. అట్టి అలమారలు అంతకుముందును కొన్ని చోట్ల లేకపోలేదు. వాటిలో పెట్టుటకు ఇట్టి గ్రంథము మాత్రము అరుదు. 1957 నాటికి అమెరికా గ్రంథాలయ సంఘమున యువపాఠకుల సేవకు ప్రత్యేకవిభాగమే ఏర్పడినది. డేలీ నవల పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయినది. ఆమె వెంట బెట్టీ కవానా 1946లో 'గోయింగ్ ఆన్ సిక్స్‌టీన్', రోసమండ్ దు జార్డిన్ 1949లో 'ప్రాక్టికల్లీ సెవెంటీన్', బెవర్లీ క్లియరీ 1956లో 'ఫిఫ్టీన్' ప్రకటించిరి. పేర్లు చూడుడు! గణితపాఠమువలె లేదా? వీటిలో పెక్కు సరదాగా చదువుకొనదగినవే. చెంచా చప్పుడు మాత్రము అంతగా వినబడదు. 1975లో జూడీ బ్లూమ్, ప్రేమించిన బాలికకు కథాంతమున చావో శిక్షయో తప్పనిసరి కాని నవల కావలెనని కుమార్తె అడుగగా 'ఫరెవర్' వ్రాసెను. 2014లో జెన్నీ హాన్ వ్రాసి, పిమ్మట చలనచిత్రముగా ప్రసిద్ధికెక్కిన నవలకు, తాను చిన్ననాట వలచిన కుర్రవారికి వ్రాసి పంపక దాచుకొనిన లేఖలే బీజము.

ఇక్కడ మా కార్యాలయపు సంగతి ఒకటి చెప్పుట అప్రస్తుతము కాదనుకొందుము. యువశ్రోతలు పంపు కథలను, నాటికలను చదువుట మా ఉద్యోగధర్మములలో ఒకటి. వాటిలో సగమునకు మించి ప్రేమకథలే. పేర్లు, ఊర్లు మార్చి వ్రాసినను అనుభవము స్వంతమైనదని తెలిసిపోవును. చిక్కేమన, స్వంత అనుభవమున్నచోట వారు చలనచిత్రముల మాటలను అరువు తెచ్చుకొందురు. గోదావరిగట్టునో, బస్సు ఆగు చోటనో, ట్యూషను మాస్టరుగారి వరండాలోనో జరిగినదానిని జరిగినట్లు వ్రాసినచో చాలును. అది చాలదను భయమున వానకురిపింతురు, వయొలిను వాయింపింతురు, చివర ఎవరినో ఒకరిని రైలుపట్టాలపై పడవేయుదురు. అట్టి వ్రాతప్రతులను త్రిప్పిపంపునపుడు, ఆ వరండాలో చెప్పులు విడిచిన చోటును గూర్చి వ్రాయుడని ఒక ముక్క చేర్చి పంపుట మా అలవాటు.

మారీన్ డేలీ ఆ నవల తరువాత చాలకాలము పత్రికారచనలో ఉండెను. చికాగో ట్రిబ్యూన్ పత్రికలో కిశోరవయస్కులకు సలహాలిచ్చు శీర్షికను నడపి, పిమ్మట దానిని చెల్లెలికి అప్పగించినది. అపరాధపరిశోధక నవలాకారుడైన విలియం మెక్‌గివర్న్‌ను 1946లో వివాహమాడినది. కిశోరుల ప్రేమనవలను మాత్రము నలువదినాలుగేండ్లవరకు మరల వ్రాయలేదు. 1982లో భర్త, 1983లో కుమార్తె మరణించిరి. 1986లో వెలువడిన 'యాక్ట్స్ ఆఫ్ లవ్' నవలకు ఆధారము తన జ్ఞాపకములు కావు. చనిపోయిన కుమార్తె చిన్ననాటి దినములు. పదునేడవయేటి సంతోషమును మరచిపోకముందు వ్రాయవలెనని తొందరపడిన చేయి, అరువదియైదవయేట బిడ్డను మరచిపోకుండుటకు అదే పని చేసినది. ఆమె 2006లో మరణించినది.

ఇంతవరకు వ్రాసినవారి పక్షమున మాటాడితిమి. రెండవ పక్షము ఒకటి ఉన్నది. తొలివలపు ఒకరిది కాదు, ఇద్దరిది. అందులో ఒకరు కలము పట్టినచో రెండవవారి గతి ఏమి? 1774లో జర్మనుకవి గెటే, తాను వలచిన షార్లెట్ బుఫ్‌ను 'వెర్తెర్' నవలలోనికి ఎక్కించినప్పుడు ఆమెయు, ఆమె భర్త కెస్ట్‌నరును నొచ్చుకొనిరి. ఆ నవల ఐరోపా అంతట ప్రాకినది. వారి నొప్పి వారి లేఖలలో మిగిలినది. రెండవవారు ఊరకొనక, తామును నవల వ్రాసి బదులుచెప్పిన ఉదాహరణము మేమెరిగినంతలో మిక్కిలి గొప్పది మన దేశముననే జరిగినది.

మిర్చా ఎలియాదె రుమేనియా దేశస్థుడు, 1907లో పుట్టినవాడు. భారతీయదర్శనములు చదువుటకై 1928 చివర మన దేశమునకు వచ్చి, కలకత్తాలో సురేంద్రనాథ దాస్‌గుప్తా శిష్యుడాయెను. భారతీయ తత్త్వశాస్త్రచరిత్రను సంపుటములుగా వ్రాసిన ఆ మహాపండితుడు 1930లో శిష్యుని తన ఇంటనే ఉంచుకొనెను. ఆయన కుమార్తె మైత్రేయి. ఆ యేడే ఆమె మొదటి కవితాసంపుటి 'ఉదిత', రవీంద్రుని పీఠికతో వెలువడినది. సెప్టెంబరు 10వ తేదీకి ఆమెకు పదునారేండ్లు నిండినవి. శిష్యునికిని కుమార్తెకును నడుమ ప్రేమ అంకురించినదని తెలిసిన తండ్రి, ఆ సెప్టెంబరుననే అతనిని ఇల్లు వదలి పొమ్మనెను. అతడు హృషీకేశమునకు పోయి కొంతకాలము ఆశ్రమవాసము చేసి, 1931 చివర స్వదేశమునకు మరలిపోయెను. శారదాచట్టము అమలులోనికి వచ్చిన సంవత్సరమే అది. తొలివలపునకు మన దేశమున అప్పుడప్పుడే చోటు దొరకుచున్న ఇండ్లలో ఆ ఇల్లు ఒకటి. ఆ చోటు ఎంత ఇరుకో ఆ సెప్టెంబరున తేలిపోయినది.

1933లో ఎలియాదె రుమేనియా భాషలో నవల వ్రాసి ప్రకటించెను. నాయకుని అల్లెన్ అను ఇంజనీరుగా మార్చెను. ఆమె తండ్రికిని వేరు పేరు పెట్టెను. నాయిక పేరు మాత్రము మార్చలేదు. నవల పేరే 'మైత్రేయి'. అది బహుమతి పొందినది. ఆ దేశమున అసంఖ్యాకులు చదివిరి. 1950లో ఫ్రెంచిభాషలోనికి పోయినది. అందులో రాత్రివేళ నాయిక అతని గదికి వచ్చినట్లు, వారు శరీరసంబంధము కలిగియున్నట్లు వ్రాయబడినది. తన ఇల్లు, తన చెల్లెలు, తన పేరు అన్నియు నిజముగా ఉన్న గ్రంథములో ఈ ఒక్కటియు కల్పన అని లోకము ఎట్లు నమ్మును? ఇక్కడనే స్మృతిని నవలగా చేయుటలోని ప్రమాదమంతయు ఉన్నది. రచయిత పూర్తిగా కల్పించిన బాగుండును; పూర్తిగా నిజము చెప్పిన ఎదిరించుటకు వీలుండును. సగము నిజమైనదానికి ఎదురుచెప్పుట ఎట్లు?

మైత్రేయీదేవి 1934లో వివాహమాడి, హిమాలయపాదమున మంగ్‌పూలో క్వినైను తోటల నడుమ భర్తతో కాపురము చేసినది. రవీంద్రుడు వారి ఇంట అతిథిగా ఉండెను. ఆ దినములను గూర్చి ఆమె వ్రాసిన గ్రంథము వంగసాహిత్యమున ప్రసిద్ధము. ఐరోపాలో ఒక నవలలో తన పేరు ఉన్నదని ఆమెకు లీలగా తెలిసినను, అందు ఏమున్నదో పూర్తిగా తెలిసినది 1972లో. రుమేనియానుండి వచ్చిన సంస్కృతపండితుడు ఒకరు చెప్పగా తెలిసినది. అప్పటికి ఆమెకు ఏబదియెనిమిదేండ్లు. మనుమలను ఎత్తవలసిన వయస్సు. 1973లో ఆమె అమెరికాకు పోయి, చికాగో విశ్వవిద్యాలయమున మతచరిత్రాచార్యుడుగా ఉన్న ఎలియాదెను అతని గదిలోనే కలిసికొనెను. నలువదిమూడు సంవత్సరముల అనంతరము వారు మరల చూచుకొనుట అదే మొదలు.

1974లో ఆమె బదులు వంగభాషలో వెలువడినది. పేరు 'న హన్యతే'. గీత రెండవ అధ్యాయమున ఆత్మను గూర్చి చెప్పిన మాట అది. ఈ గ్రంథమున నాయిక పేరు అమృత. అతిథి పేరు మిర్చా యూక్లిడ్. అతడు ఆమె పేరును మార్చక ఇంటిపేరును మార్చెను. ఆమె తన పేరును మార్చి అతని పేరును ఉంచెను. బాకీ తీరినట్లున్నది. కాని గ్రంథమును తెరచిన పాఠకునకు ప్రతీకారము కనబడదు. అతడు వ్రాసిన రాత్రులు అబద్ధమని స్పష్టముగ చెప్పినది; తాను ప్రేమించినమాట నిజమని అంతకంటె స్పష్టముగ చెప్పినది. అరువదియేండ్ల వయస్సున, భర్త, బిడ్డలు, బంధువులు, వంగదేశపు పెద్దమనుష్యులు అందరును చదువుచుండగా ఒక గృహిణి ఆ రెండవమాట చెప్పుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో మేము వర్ణింపజాలము. తండ్రిని గూర్చియు ఆమె దాచలేదు. పాండిత్యమును పూజించుచునే, బిడ్డల మనస్సును చదువలేని పండితుని చిత్రించినది. 1976లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

ఈ రెండు నవలలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక చిత్రము కనబడును. ఎలియాదె మూడేండ్లలో వ్రాసెను. ఆమె నలువదినాలుగేండ్లకు వ్రాసెను. అతని గ్రంథమున ఆ యింటి వంగకన్య ఒక రహస్యము, ఒక తూర్పుదేశపు మాయ. మన ప్రబంధకవుల వయస్సంధి బాలికవలె బయటినుండి చూడబడినది. ఆమె గ్రంథమున ఆ బాలిక కవిత్వము చదువును, తండ్రికి పుస్తకముల జాబితా వ్రాయును, అలుగును, నవ్వును, చెల్లెలి జబ్బును గూర్చి దిగులుపడును. మాయ ఎక్కడను లేదు. దూరమైన కాలమునుండి వ్రాసినది కనుక చల్లబడియుండునని ఎవరైన తలచినచో పొరబడుదురు. వార్ధక్యమున వ్రాసిన పుటలే ఎక్కువ వేడిగా ఉన్నవి.

తాను బ్రతికియుండగా 'మైత్రేయి' ఆంగ్లమున వెలువడరాదని ఆమె ఎలియాదెవద్ద మాట తీసికొనెను. ఆ మాట నిలిచినది. ఎలియాదె 1986లోను, మైత్రేయీదేవి 1990లోను మరణించిరి. పిమ్మట చికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయము అతని నవలను 'బెంగాల్ నైట్స్' అనియు, ఆమె స్వయముగ ఆంగ్లమునకు మార్చుకొనిన నవలను 'ఇట్ డజ్ నాట్ డై' అనియు జంటగా ప్రకటించినది. ఆంగ్లము చదువగల శ్రోతలు రెంటిని సంపాదించి చదువవచ్చును. ఏది ముందు చదువవలెనని మమ్ము అడిగినచో ఆమెదే ముందు చదువుడని చెప్పెదము. అతని మాట ఇదివరకే నలువది సంవత్సరములు ముందుగ వినబడియున్నది.